వచ్చే టోర్నమెంటు ఎక్కడ అని అడిగే ముందు

అనంతపురంలో మా పాప టెన్నిస్ ఆడే కోర్టు పక్కన ఒక పిట్టగోడ ఉంది. సాయంత్రం ఐదున్నరకు పిల్లలు వార్మప్ మొదలుపెట్టగానే తల్లిదండ్రులం ఐదారుగురం ఆ గోడ మీద చేరతాం. అక్కడ రోజూ వినిపించే ప్రశ్న ఒకటే: "వచ్చే టోర్నమెంటు యాడుందన్నా?" ఊరి పేరు, తేదీ చెబితే చాలని అడిగేవాళ్ల ఉద్దేశం. మూడేళ్ల కిందట నేనూ అంతే. ఫోన్‌కు ఎవరో పంపిన జాబితా తెరిచాను. వరసగా ఊళ్లు, తేదీలు, వాటి పక్కన టీఎస్, సీఎస్3, సీఎస్7, ఎస్ఎస్, ఎన్ఎస్, జే30 అని పొడి అక్షరాలు. అందులో దగ్గరి ఊరేదో చూసి పేరిచ్చేశాను. ఆ తొందరపాటు వల్ల మా పాప బెంగళూరు దాకా పోయి ఒక్క బంతి కూడా కొట్టకుండా తిరిగొచ్చింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు తెలుసుకోవాల్సింది, అది ఒక జాబితా కాదు. ఒకే కాగితం మీద కనిపించినా అవి నాలుగు వేర్వేరు దారులు. దేని నియమాలు దానివి, దేని గడువులు దానివి. పాయింట్ల లెక్క కూడా దేనిది దానిదే.

మొదటిది స్కూల్ గేమ్స్. దీన్ని నడిపేది స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాలుంటాయి. పేరు బడి నుంచి, పీఈటీ సారు ద్వారా వెళ్తుంది. జిల్లా, రాష్ట్రం, ఆ తర్వాత జాతీయ పోటీలు. ఇందులో దేశవ్యాప్త ర్యాంకు ఉండదు, సర్టిఫికెట్ ఉంటుంది. స్పోర్ట్స్ కోటా గురించి ఆలోచించేవాళ్లకు ఆ కాగితం విలువైనదే. మన జిల్లాల్లో టెన్నిస్ ఆడే పిల్లలు క్రికెట్, కబడ్డీ, ఖోఖోలంత మంది ఉండరు కాబట్టి జిల్లా స్థాయి ఎంపికలు ఒక్క పూటలో ముగిసిపోవచ్చు. బడి నుంచి పిలుపొస్తే పంపండి. అయితే ఆట ఎదగడానికి అదొక్కటే చాలదు.

రెండోది అసలు దారి. ఆలిండియా టెన్నిస్ అసోసియేషన్, అందరూ ఐటా అంటారు. 1920లో పుట్టిన సంస్థ. దేశంలో జూనియర్ ర్యాంకులన్నీ దీనివే. అండర్-12, 14, 16, 18 అని నాలుగు విభాగాలు, బాలురకు, బాలికలకు విడివిడిగా. మూడోది ఆసియా టెన్నిస్ సమాఖ్య పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు నడిపే పోటీలు. నాలుగోది అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, అంటే ఐటీఎఫ్ జూనియర్ టూర్. పదమూడేళ్లు నిండితే గానీ దాని గడప తొక్కనివ్వరు, పద్దెనిమిదేళ్లు నిండే సంవత్సరంతో ముగుస్తుంది. పిల్లలు పదీ పన్నెండేళ్ల వయసులో ఉన్న ఇళ్లలో ఐటీఎఫ్ టూర్‌లో కింది మెట్టు జే30 గురించి గంటలు గంటలు మాట్లాడుకోవడం నేను విన్నాను. అప్పటికి వాళ్లకు అవసరమైనది ఐటా జాబితాలో కింది రెండు మెట్లే.

ఆ మెట్లు కింది నుంచి పైకి ఇలా ఉంటాయి. అన్నిటికన్నా కింద టాలెంట్ సిరీస్, అదే టీఎస్. వారాంతంలో మొదలై రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. దాని మీద చాంపియన్‌షిప్ సిరీస్: మూడు రోజులదైతే సీఎస్3, వారం రోజులదైతే సీఎస్7. ఆపైన సూపర్ సిరీస్, నేషనల్ సిరీస్, అన్నిటికీ పైన నేషనల్స్. మెట్టు పెరిగే కొద్దీ పాయింట్లు పెరుగుతాయి, వచ్చే పిల్లల స్థాయీ పెరుగుతుంది, బయటి ఊళ్లో ఉండాల్సిన రోజులూ పెరుగుతాయి. నేషనల్ సిరీస్ ఆడాలంటే దాదాపు వారం బడి పోతుంది, లాడ్జి అద్దె తప్పదు, ఇంట్లో ఒక మనిషి పని మానుకోవాలి. టాలెంట్ సిరీస్ అయితే శుక్రవారం రాత్రి బండెక్కి ఆదివారం రాత్రికి ఇల్లు చేరొచ్చు.

వీటిలో దేనికైనా ముందు ఐటా రిజిస్ట్రేషన్ నంబరు కావాలి, దానికి బర్త్ సర్టిఫికెట్ కావాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. బర్త్ సర్టిఫికెట్‌లో ఒక స్పెల్లింగు, ఆధార్‌లో ఒకటి, బడి రికార్డులో ఇంకొకటి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. పాప చిన్నగా ఉన్నప్పుడే వీటిని ఒక దారికి తెచ్చుకోండి. రేపు పాస్‌పోర్టు, ఆ తర్వాత ఐటీఎఫ్ వాళ్లు ఆటగాళ్లకు ఇచ్చే గుర్తింపు నంబరు, అదే ఐపిన్, తీసుకోవాల్సి వచ్చినప్పుడు ఆ ఒక్క అక్షరం కోసం మీసేవ చుట్టూ తిరగాల్సిన పని తప్పుతుంది.

వయసు లెక్క కూడా చూసుకోవాలి. ఫాక్ట్ షీట్‌లో, అంటే టోర్నమెంటు వివరాలన్నీ ఉండే కాగితంలో, "ఫలానా సంవత్సరం జనవరి 1 తర్వాత పుట్టినవారు" అని హద్దు రాసి ఉంటుంది. అంటే జనవరిలో పుట్టిన పిల్ల, డిసెంబరులో పుట్టిన పిల్ల ఒకే విభాగంలో తలపడతారు. పదకొండేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే మాటలు కాదు. ఒక పిల్ల భుజం దాకా వస్తే ఇంకో పిల్ల చెవి దాకా వస్తుంది, సర్వీసులో ఆ తేడా అంతా కనిపిస్తుంది. మీ పిల్ల ఏడాది చివర్లో పుట్టి మొదటి రౌండ్లలో ఓడిపోతుంటే, ఆటలో లోపం వెతికే ముందు ఎదుటి పిల్ల పుట్టిన నెల ఏదో ఆలోచించండి. రెండు మూడేళ్లలో ఆ ఎత్తు తేడా సర్దుకుంటుంది. ఈలోపు పిల్ల ఆట మానేయకుండా చూసుకోవడం మన పని.

పదేళ్ల లోపు పిల్లలకు అసలు పసుపు బంతే వద్దని ఐటీఎఫ్ 2012లో నియమం పెట్టింది. వాళ్ల పోటీలకు ఎర్ర బంతి, నారింజ బంతి, ఆకుపచ్చ బంతి వాడాలి. ఎర్రది మామూలు బంతి కన్నా 75 శాతం నెమ్మది, నారింజది 50 శాతం, ఆకుపచ్చది 25 శాతం. కోర్టు కూడా ఎర్ర బంతికి 11 మీటర్లు, నారింజకు 18 మీటర్లు, ఆ తర్వాతే 23.77 మీటర్ల పూర్తి కోర్టు. ఎందుకంటే మామూలు బంతి లేస్తే ఎనిమిదేళ్ల పిల్లకు తల మీదుగా పోతుంది. దాన్ని అందుకోవడానికి రాకెట్‌ను వింతగా తిప్పి పట్టుకుంటుంది. ఆ పట్టు ఒకసారి అలవాటైతే మాన్పించడానికి ఏళ్లు పడుతుంది. "మా వాడు ఏడేళ్లకే పెద్ద బంతితో ఆడుతున్నాడు" అని మురిసిపోయే తండ్రులతో నేను రెండు మూడుసార్లు వాదించాను. ఇప్పటికీ నా మాట మారలేదు.

ఇక గడువుల సంగతి. నేను దెబ్బ తిన్నది ఇక్కడే.

టోర్నమెంటు మొదలయ్యే రోజుకు దాదాపు మూడు వారాల ముందే ఎంట్రీలు మూసేస్తారు. ఆ తర్వాత కొన్ని రోజులకు పేరు వెనక్కి తీసుకునే గడువు. ఎంట్రీలు అయ్యాక, ర్యాంకు ప్రకారం పేర్లు పేర్చి యాక్సెప్టెన్స్ లిస్ట్ వేస్తారు. అందులో పైనున్నవాళ్లు నేరుగా మెయిన్ డ్రా, అంటే అసలు పోటీలోకి. వాళ్ల కింద క్వాలిఫయింగ్, అంటే అందులోకి రావడానికి ముందు మ్యాచులు, ఆడాల్సినవాళ్లు. వాళ్ల కింద ఆల్టర్నేట్లు, అంటే ఎవరైనా రాకపోతే చోటు దొరికేవాళ్లు. కొన్ని చోట్లు వైల్డ్ కార్డు కింద నిర్వాహకుల చేతిలో ఉంటాయి. అంటే జూన్ రెండో వారంలో మీ పిల్ల ఆడుతుందా లేదా అన్నది మే నెలలోనే తేలిపోతుంది. పేరిచ్చినంత మాత్రాన చోటిచ్చినట్టు కాదు.

మా పాప పేరు ఆ రోజు ఆల్టర్నేట్లలో మూడోది. నాకు ఆ మాటకు అర్థం కూడా సరిగ్గా తెలియదు. లిస్టులో పేరుంది కదా అని రాత్రి రైలెక్కాం. తెల్లారేసరికి బెంగళూరు, అక్కడి నుంచి ఆటోలో కోర్టులకు. సైన్-ఇన్ బల్ల దగ్గర ఒక కాగితం, దాని మీద పిల్లల సంతకాలు. సమయం అయిపోయేసరికి ఇద్దరు రాలేదు. ఆ ఇద్దరి చోట్లో మొదటి ఇద్దరు ఆల్టర్నేట్లను పిలిచారు. మూడో చోటు లేదు. పాప బూట్ల లేసులు కట్టుకుని, రాకెట్ సంచి భుజానికి వేసుకుని నిలబడే ఉంది. ఆమెకు చెప్పడానికి నాకు మాట రాలేదు. తిరుగు ప్రయాణంలో ధర్మవరం దాటాక అడిగింది: "ఒక్క మ్యాచ్ కూడా లేదా నాయనా?" తప్పు నిర్వాహకులది కాదు, వాళ్లు రాసిన నియమం ప్రకారమే నడిచారు. రెండు పేజీల ఫాక్ట్ షీట్ చదవకుండా రైలెక్కించింది నేను.

అప్పటి నుంచి ఫాక్ట్ షీట్ చేతికొస్తే నేను చూసేవి కొన్ని. మెయిన్ డ్రా ఎంతమందిది, క్వాలిఫయింగ్ ఉందా, ఉంటే ఏ రోజు. సైన్-ఇన్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది, పిల్ల స్వయంగా వెళ్లాలా. కోర్టు హార్డ్‌దా, మట్టిదా. ఏ కంపెనీ బంతి. డబుల్స్ ఉందా. రాత్రి దీపాల కింద మ్యాచులు పెడతారా. చివరిగా, నిరుడు ఇదే మెట్టు టోర్నమెంటులో మెయిన్ డ్రాకు ఆఖరున అందుకున్న పిల్ల ర్యాంకు ఎంత. ఈ ఆఖరి లెక్క ఫాక్ట్ షీట్‌లో ఉండదు, పాత యాక్సెప్టెన్స్ లిస్టు తీసి మనమే చూసుకోవాలి. అది చూస్తే మన పిల్లకు చోటు దొరుకుతుందో లేదో ముందే అంచనా వస్తుంది.

పేరు వెనక్కి తీసుకోవడం గురించి కూడా ఒక మాట. జ్వరం వచ్చిందనో, పరీక్షలు వచ్చాయనో వెళ్లలేకపోతే ఊరికే ఇంట్లో కూర్చోకూడదు. గడువు లోపల విత్‌డ్రా చేయాలి, గడువు దాటితే కనీసం నిర్వాహకులకు తెలియజేయాలి. చెప్పకుండా రాకపోతే పెనాల్టీ ఉంటుంది. దానికన్నా ముఖ్యం, మన చోటు కోసం ఇంకెవరి పాపో సంచి భుజానికి వేసుకుని ఆ బల్ల పక్కన నిలబడి ఉంటుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. నాకు తెలిసి టోర్నమెంటు ఎంపికలో ఇంతకన్నా పనికొచ్చేది లేదు. ఓడితే ఇంటికే అన్న పద్ధతిలో 32 మంది డ్రా అనుకోండి. ఒక్కో మ్యాచ్‌కు ఒకరు పోతారు, చివరికి ఒకరు మిగలాలి, అంటే మొత్తం 31 మ్యాచులు. ఒక్కో మ్యాచ్‌లో ఇద్దరు ఆడతారు కాబట్టి 62. దాన్ని 32 మందికి పంచితే మనిషికి రెండు కూడా రాదు. డ్రా 64 చేసినా, 128 చేసినా అంతే, సగటు రెండు దాటదు. 32లో 16 మంది పిల్లలు ఒక్క మ్యాచ్ ఆడి సంచి సర్దుకుంటారు. ఐదు మ్యాచులు దక్కేది ఇద్దరికే.

అంటే మూడొందల కిలోమీటర్లు పోయి, రెండు రాత్రులు లాడ్జిలో ఉండి, మామూలు పిల్లకు దొరికేది ఒకటో రెండో మ్యాచులు. అందుకే పాయింట్లు ఎక్కువున్న టోర్నమెంటు ఏదని నేను అడగను, మా పాపకు ఎక్కువ మ్యాచులు ఎక్కడ దొరుకుతాయని అడుగుతాను. కోచ్‌ల నోట ఒక పాత లెక్క వినిపిస్తుంది: రెండు గెలిస్తే ఒకటి ఓడాలి. వరసగా మొదటి రౌండ్లోనే ఓడిపోతుంటే ఒక మెట్టు దిగాలి. ఎక్కడికి పోయినా కప్పుతోనే వస్తుంటే ఒక మెట్టు ఎక్కాలి. దిగడం నామోషీ అనుకునే ఇళ్లలో పిల్లలు ఏడాది పొడవునా మొదటి రౌండ్లే ఆడతారు, సెట్ సమమైనప్పుడు ఆడే టైబ్రేకర్‌లో చెయ్యి వణకకుండా సర్వ్ చేయడం ఎప్పటికీ నేర్చుకోరు. డబుల్స్ ఆడించండి, అదే ఖర్చుతో ఇంకో మ్యాచ్ దొరుకుతుంది, వలకు దగ్గరగా ఆడటం వస్తుంది. టోర్నమెంటు లేని ఆదివారాల్లో ఊళ్లోనే నలుగురు పిల్లలను పెట్టి అందరితో అందరినీ ఆడించండి. ఆరు మ్యాచులు, ప్రతి పిల్లకూ మూడు. మేము నెలకోసారి చేస్తున్నాం. ఖర్చు కొత్త బంతుల డబ్బా, నిమ్మకాయ నీళ్లు.

ర్యాంకు లెక్క విషయంలో తల్లిదండ్రులకు ఉండే టెన్షన్‌లో సగం ఒక్క సంగతి తెలియకపోవడం వల్లే. పాయింట్లకు ఆయుష్షు 52 వారాలు. నిరుడు మే నెలలో సెమీఫైనల్ ఆడి తెచ్చుకున్న పాయింట్లు ఈ మే నెలలో రాలిపోతాయి. ఆ వారం పిల్ల ఏమీ ఓడిపోకపోయినా ర్యాంకు దిగుతుంది. ఆడిన ప్రతిదీ కూడా లెక్కలోకి రాదు, మెరుగైన కొన్ని ఫలితాలే తీసుకుంటారు. ఐటీఎఫ్ జూనియర్లలో అయితే మెరుగైన ఆరు సింగిల్స్ ఫలితాలు, వాటికి మెరుగైన ఆరు డబుల్స్ ఫలితాల్లో నాలుగో వంతు కలుపుతారు. కాబట్టి ముప్పై టోర్నమెంట్లు తిరిగినా, బాగా ఆడిన కొన్నే పిల్ల పేరు పక్కన నిలుస్తాయి. ఇంకొకటి, అండర్-12 ర్యాంకు వేరు, అండర్-14 ర్యాంకు వేరు. జనవరి ఒకటిన వయసు మారితే పై విభాగంలో కింది నుంచి మొదలవుతుంది. అందుకే పాత విభాగంలో ఆఖరి ఏడాది ఉండగానే పై విభాగంలో మూడు నాలుగు ఆడించి కొన్ని పాయింట్లు వేసి ఉంచడం మంచిది.

ఇక మన సీమ లెక్క. ఐటా టోర్నమెంటు ఏ రాష్ట్రంలో జరిగినా ఏ రాష్ట్రం పిల్లలైనా ఆడొచ్చు. ఈ ఒక్క ముక్క తెలియక చాలామంది ఆంధ్రప్రదేశ్ టెన్నిస్ అసోసియేషన్ టోర్నమెంట్ల కోసమే ఎదురుచూస్తుంటారు. అనంతపురం నుంచి బెంగళూరు 44వ నంబరు హైవే మీద దాదాపు 215 కిలోమీటర్లు. విజయవాడ అంతకు రెట్టింపు పైనే, విశాఖపట్నం సంగతి చెప్పక్కర్లేదు. కర్నూలు పిల్లలకు హైదరాబాదు దగ్గర, అదీ ఇంచుమించు అంతే దూరం. కడప పిల్లలకు తిరుపతి దాటితే చెన్నై, రైలు మార్గం నేరుగా ఉంది. అంటే మన మూడు ఊళ్లకు మూడు వేర్వేరు క్యాలెండర్లు. అనంతపురం వాళ్లు కర్ణాటక సంఘం తేదీలు, కర్నూలు వాళ్లు తెలంగాణ తేదీలు, కడప వాళ్లు తమిళనాడు తేదీలు ముందు చూసుకుని, ఆ తర్వాత మన రాష్ట్రంవి చూస్తే దూరం, డబ్బు రెండూ కలిసొస్తాయి.

దూరంతో పాటు ఎత్తు కూడా చూడాలి. అనంతపురం సముద్ర మట్టానికి మూడొందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, బెంగళూరు తొమ్మిది వందల పైన. అక్కడ గాలి పలచన, బంతి ఒక జానెడు దూరం ఎక్కువ పోతుంది. ఇక్కడ బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) మీద పడే షాటు అక్కడ అవుట్. తర్వాత మా పాప అక్కడ ఆడిన మొదటి మ్యాచ్‌లో మొదటి సెట్ మొత్తం ఇదేమిటో అర్థం కాక ఓడిపోయింది. అప్పటి నుంచి బెంగళూరు వెళ్లేముందు రాకెట్ గట్టింగ్ (తీగల అల్లిక) ఒకటి రెండు పౌండ్లు బిగువుగా వేయిస్తున్నాం, వీలైతే ఒక రోజు ముందు వెళ్లి గంట ప్రాక్టీసు చేయిస్తున్నాం. కడప నుంచి చెన్నై వెళ్లేవాళ్లకు తంటా వేరు. అక్కడ ఉక్క. మన ఎండ నలభై దాటినా పొడి ఎండ, చెమట వెంటనే ఆరిపోతుంది. అక్కడ ఆరదు, గ్రిప్ జారుతుంది. సంచిలో గ్రిప్ టేపులు రెండు ఎక్కువ పెట్టండి, టీషర్టులు నాలుగు పెట్టండి. మంచినీళ్లు ఒక్కటే తాగిస్తే చాలదు, ఓఆర్ఎస్సో ఉప్పేసిన మజ్జిగో ఉండాలి.

కోర్టు లోపల ఏం జరుగుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే టీవీలో చూసే టెన్నిస్‌కు, జూనియర్ టెన్నిస్‌కు పెద్ద తేడా అక్కడే. చాలా మ్యాచుల్లో కుర్చీ అంపైర్ ఉండడు. లైన్ జడ్జీలు ఉండరు. నాలుగైదు కోర్టులకు కలిపి ఒక అధికారి తిరుగుతుంటారు. తన వైపు పడిన బంతి లోపలా, బయటా అన్నది పిల్లలే చెప్పాలి. నియమం స్పష్టంగా ఉంది: అనుమానం ఉంటే బంతి లోపల పడ్డట్టే. స్కోరు కూడా సర్వ్ చేసే పిల్లే, ఎదుటి పిల్లకు వినిపించేలా, ప్రతి పాయింటుకు ముందు గట్టిగా చెప్పాలి. తల్లిదండ్రులు కంచె అవతల ఉండాలి, నోరు విప్పకూడదు. కోచింగ్‌కు అనుమతి లేని చోట వేలితో సైగ చేసినా కోచింగ్ కిందే లెక్క. మొదటిసారి హెచ్చరిక, రెండోసారి పాయింటు పోతుంది, ఆ తర్వాత గేమే పోతుంది.

నిరుడు ఒక మ్యాచ్. రెండో సెట్ నాలుగు-మూడు, థర్టీ ఆల్. మా పాప క్రాస్ కోర్టు, అంటే మూల నుంచి మూలకు, కొట్టింది. బంతి గీత మీద తెల్ల రంగు చివర తగలడం కంచె అవతల నుంచి నాకు కనిపించింది. ఎదుటి పాప చూపుడు వేలు పైకెత్తి "అవుట్" అంది. మా పాప నా వైపు చూసింది. నా రెండు చేతులూ కంచె జాలీని పట్టుకుని ఉన్నాయి. నేను తల కిందికి దించాను. ఆమె వల దాకా నడిచి వెళ్లి "ఆర్ యూ ష్యూర్?" అని అడిగింది. ఎదుటి పాప అవునంది. ఇంకో రెండు పాయింట్ల తర్వాత స్కోరు దగ్గర పేచీ వచ్చింది, ఒకరు డ్యూస్ అంటే ఒకరు అడ్వాంటేజ్ అన్నారు. అప్పుడు మా పాప రాకెట్ నేల మీద పెట్టి, చెయ్యెత్తి రెఫరీని పిలిచింది. ఆయన వచ్చి ఇద్దరినీ ఒక్కో పాయింటూ గుర్తు చేసుకోమన్నారు. ఇద్దరూ ఒప్పుకున్న స్కోరు దగ్గర నుంచి ఆట మళ్లీ మొదలైంది. మ్యాచ్ ఓడిపోయింది. అయినా ఆ సాయంత్రం నేను ఆమెకు కొనిచ్చిన మసాలా దోసె, గెలిచినప్పుడు కొనిచ్చిన వాటికన్నా ఇష్టంగా కొనిచ్చాను. రెఫరీని పిలవడం ఆమె హక్కని అప్పటికి నెల రోజులుగా ఇంట్లో చెబుతున్నాం.

ఈ విషయంలో మన పల్లె పిల్లలకు ఒక ఇబ్బంది ఉంది, అది ఆటకు సంబంధించింది కాదు. "ఫార్టీ-థర్టీ" అని గట్టిగా అనడానికి బిడియం. ఎదుటి పిల్ల గడగడా ఇంగ్లీషులో మాట్లాడితే బంతి లోపల పడినా ఊరుకుంటారు. అనంతపురంలో ఫెర్రర్ దంపతుల రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు క్రీడాగ్రామంలో స్పెయిన్ టెన్నిస్ ఆటగాడు రఫెల్ నాదల్ ఫౌండేషన్ 2010లో టెన్నిస్ కేంద్రం పెట్టినప్పుడు టెన్నిస్‌తో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు కూడా నేర్పడం మొదలుపెట్టింది. ఆ అక్టోబరులో నాదల్ స్వయంగా మన ఊరికి వచ్చాడు, అంతకు నెల కిందటే అమెరికా ఓపెన్ గెలిచి ఉన్నాడు. ఆ ఇంగ్లీషు తరగతి ఆటకు అదనం అని అప్పట్లో అనుకున్నవాళ్లున్నారు. కంచె అవతల నిలబడి చూసిన నాకు అది ఆటలో భాగమే అనిపిస్తుంది. మీరు ఇంట్లో చేయగలిగింది సులువే. ప్రాక్టీసులో కూడా ప్రతి పాయింటుకు స్కోరు పైకి చెప్పించండి. నెలలో బిడియం పోతుంది.

ఐటీఎఫ్ గురించి క్లుప్తంగా. జే30, జే60, జే100, జే200, జే300, జే500, ఆపైన జూనియర్ గ్రాండ్‌స్లామ్‌లు. అక్షరం పక్కనున్న అంకె సింగిల్స్ విజేతకు వచ్చే పాయింట్లు. మన దేశంలోనూ జరుగుతాయి కాబట్టి మొదటి పాయింటు కోసం విదేశాలకు పోనక్కర్లేదు. వయసు తక్కువ ఉన్న పిల్లలు ఏడాదికి ఎన్ని ఆడాలో పరిమితి ఉంది, అది వాళ్ల మంచికే. ర్యాంకు కాక రేటింగ్ అని ఇంకొకటి వినిపిస్తుంది. ర్యాంకు ఎన్ని పాయింట్లు పోగేశారో చెబుతుంది. రేటింగ్ ఎవరితో ఎలా ఆడారో చెబుతుంది. యూటీఆర్ (యూనివర్సల్ టెన్నిస్ రేటింగ్) 1 నుంచి 16.5 దాకా పైకి పెరుగుతుంది, ఐటీఎఫ్ వాళ్ల వరల్డ్ టెన్నిస్ నంబరు 40 నుంచి 1కి కిందికి దిగుతుంది. ఎక్కువ తిరగలేని మనలాంటి ఊళ్ల పిల్లలకు రేటింగ్ న్యాయంగా ఉంటుంది, ఎందుకంటే దానికి టోర్నమెంట్ల సంఖ్య కన్నా మ్యాచ్ ఎలా ఆడారన్నదే ముఖ్యం. అమెరికా యూనివర్సిటీల కోచ్‌లు కూడా యూటీఆర్ చూస్తారు. ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీలో చదువుతూ ఆడాడు, 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు. చదువా, ఆటా అని పదో తరగతిలో పిల్లను నిలదీసే ఇళ్లలో ఈ దారి సంగతి చెప్పాలి.

సానియా 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. యూకీ భాంబ్రీ 2009లో ఆస్ట్రేలియన్ ఓపెన్ బాలుర టైటిల్ గెలిచి జూనియర్లలో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. నాదల్ మాత్రం జూనియర్ గ్రాండ్‌స్లామ్ ఒక్కటీ గెలవలేదు, 2002 వింబుల్డన్ బాలుర పోటీలో సెమీఫైనల్ దగ్గర ఆగాడు. పన్నెండేళ్ల పిల్ల ర్యాంకు ముందు పెట్టుకుని రాత్రిళ్లు నిద్ర మానుకునే తల్లులతో నేను ఈ మూడు సంగతులూ కలిపి చెబుతుంటాను.

ఈ వారం మా ఇంట్లో నడుస్తున్న పని చెబుతాను. బెంగళూరులో ఒక టాలెంట్ సిరీస్ ఉంది, అండర్-14. మూడు వారాల తర్వాత శనివారం మొదలు. యూనిట్ టెస్టులు ఆ ముందు బుధవారానికే అయిపోతాయి. పాత లిస్టు తీసి చూశాను, మా పాప ర్యాంకుకు మెయిన్ డ్రా అందుతుంది. అదే నెలలో సీఎస్7 కూడా ఒకటుంది, పాయింట్లు ఎక్కువే, కానీ అక్కడ క్వాలిఫయింగ్‌లో కూడా చివరన ఉంటాం. దాన్ని వదిలేశాం. ఎంట్రీ గడువు సోమవారం. డబుల్స్‌కు జోడీ ఇంకా తేలలేదు. కర్నూలు నుంచి ఒక పాప వస్తుందేమోనని వాళ్ల నాన్నకు నిన్న ఫోన్ చేశాను. "మా వాళ్లు హైదరాబాదే దగ్గర అంటున్నారు, అడిగి ఆదివారం లోపల చెబుతానన్నా" అన్నారు.